పద్దులు మనవి... తాళంచెవి ఎవరిది?

సాఫ్ట్‌వేర్ మాటెత్తితే హైటెక్ సిటీ గుర్తొస్తుంది. లేదంటే అమెరికాలో ఉన్న అబ్బాయి గుర్తొస్తాడు. కానీ ఒంగోలు ట్రంకు రోడ్డులో పురుగుమందుల కొట్టు, కర్నూలు రోడ్డులో డీటీపీ సెంటరు, చీమకుర్తి రాయిని ఓడలెక్కించే గ్రానైట్ ఆఫీసు... ఇవన్నీ నడిచేదీ దాని మీదే. ఆ సాఫ్ట్‌వేర్ కొన్నదా, స్వేచ్ఛగా దొరికిందా, ఎవరో 'ఎక్కించి' వెళ్లిందా అన్న దగ్గరే ఉంది అసలు పేచీ!

పెద్దమ్మాయి పెళ్లికి ఆరేళ్ల కిందట శుభలేఖ వేయించారు. ఇప్పుడు చిన్నమ్మాయి పెళ్లి. ఇంటిపేర్లు, తాతల పేర్లు, కింద బంధుమిత్రుల అభినందనలు... అన్నీ పాతవే కదా, మళ్లీ టైపు చేయించడం ఎందుకని పెన్‌డ్రైవ్‌లో పాత ఫైలు పట్టుకుని వేరే షాపుకు వెళ్తారు. ఆపరేటర్ ఫైలు తెరుస్తాడు. తెర మీద తెలుగు ఉండదు. డాలరు గుర్తులూ, కొక్కేలూ, తలకిందులైన ప్రశ్నార్థకాలూ వరసగా నిలబడి వెక్కిరిస్తాయి! 'ఇది మా దగ్గరున్న వెర్షన్ కాదండీ, చేసినచోటికే తీసుకెళ్లండి' అంటాడు. ఒంగోలులోనే కాదు... గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఎక్కడి డీటీపీ సెంటర్లోనైనా ఏళ్లుగా నడుస్తున్న తంతే ఇది.

పేర్లు మీవి. పెళ్లి మీది. డబ్బులిచ్చి చేయించుకున్న ఫైలూ మీదే. అయినా దాన్ని చదవాలంటే ఇంకొకరి తాళంచెవి కావాలి. వ్యాపారంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరా, కంపెనీ సాఫ్ట్‌వేరా అన్న తగవు అసలు రూపం ఇదే. లైసెన్సులు, కోడ్ అంటూ మొదలుపెడితే ఎవరికీ పట్టదు కానీ, శుభలేఖ దగ్గర మొదలుపెడితే అందరికీ అర్థమవుతుంది.

అక్షరానికి అంకె

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ముందే ఒప్పందం చేసుకోవాలి. ఇంగ్లిష్‌కు ఆ ఒప్పందం ఎప్పుడో కుదిరింది. 1980ల చివర్లో, 90ల్లో తెలుగును కంప్యూటర్‌లోకి తెచ్చినవాళ్లకు దొరికింది 256 గదుల ఫాంటు మాత్రమే. అందులోనూ కొన్ని గదులు ముట్టుకోవడానికి లేదు. మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా పెడితే ఏ మూలకూ చాలదు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. ఆపరేటర్ మీట నొక్కితే ఆ ముక్కలు పక్కపక్కన చేరి తెలుగులా కనబడతాయి. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అవి ఇంగ్లిష్ గుర్తులే!

ఇంతవరకూ తప్పేమీ లేదు. నిజానికి మెచ్చుకోవలసిన తెలివి. అను స్క్రిప్ట్ మేనేజర్, పుణెకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, సీడాక్ వారి భాషా ఉపకరణాలు... ఇవే లేకపోతే 90ల్లో తెలుగు అచ్చు వ్యాపారం సీసం అక్షరాల దగ్గరే ఆగిపోయేది. పెద్ద పెద్ద అమెరికా కంపెనీలకు తెలుగు మార్కెట్ అనేదొకటి ఉందని పట్టని రోజులవి. ఇక్కడివాళ్లు పూనుకుని చేశారు, అమ్ముకున్నారు. న్యాయమే.

చిక్కల్లా ఒక్కటే. ఏ ముక్కను ఏ గదిలో పెట్టారన్నది ఎవరి రహస్యం వారిది. ఒకరి 'క' ఇంకొకరి దగ్గర ఇంకేదో గుర్తు. పత్రికల వెబ్‌సైట్లదీ అదే దారి. 2000ల మొదట్లో ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు మరొక ఫాంటు దించుకుంటే తప్ప చదవడానికి వీలుండేది కాదు.

అందరికీ ఒకే ఒప్పందం ఉండాలన్న ఆలోచన అప్పటికే పుట్టింది. అదే యూనికోడ్. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గదులు కేటాయించారు. అందులో 'క' అంటే 3093. ఒంగోలులో టైపు చేసినా అట్లాంటాలో తెరిచినా 3093 అంటే 'క'నే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చాక మామూలు కంప్యూటర్లకూ ఆ వసతి అందింది. ఇవాళ ఫోన్‌లో అమ్మమ్మలు పంపే వాట్సాప్ శుభోదయాలన్నీ యూనికోడే.

మరి డీటీపీ సెంటర్లు ఎందుకు మారలేదు? మారలేక! అవి ఆధారపడింది పేజ్‌మేకర్ మీద. 1985లో ఆల్డస్ అనే సంస్థ తెచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ 1994లో అడోబీ చేతికి వెళ్లింది. 2001లో వచ్చిన 7.0తో దాని వెర్షన్లు ఆగిపోయాయి. అందులో యూనికోడ్ తెలుగు కూర్చోదు. ఒత్తులు పక్కకు జారతాయి. దాని తర్వాత అడోబీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగుతో సహా 10 భారతీయ భాషలకు చోటు దొరికింది 2012లో వచ్చిన సీఎస్6తోనే. ఆ మరుసటేడాదే అడోబీ కొత్త వెర్షన్లను విడిగా అమ్మడం మానేసి, నెలకింత అద్దె అన్న పద్ధతి పెట్టింది. పెళ్లిళ్ల సీజన్లో చేతినిండా పని, ఆషాఢంలో ఈగలు తోలుకోవడం... ఇదీ డీటీపీ సెంటరు బతుకు. దానికి నెలనెలా అద్దె ఎక్కడ సరిపడుతుంది? అందుకే మూలన ఒక పాత కంప్యూటర్, అందులో పాత విండోస్, పాత పేజ్‌మేకర్, పాత అను. అది పాడైతే ఇరవయ్యేళ్ల శుభలేఖలు, స్కూలు ప్రశ్నపత్రాలు, ఊరి కవుల పుస్తకాలు, గుడి సావనీర్లు దాంతోపాటే!

ఈ చీకట్లో దారి చేసినవాళ్లు ఎవరో పెద్ద సంస్థలవాళ్లు కాదు. అమెరికాలో ఉన్న తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలేశారు. వెన్న నాగార్జున 'పద్మ' అనే ఉపకరణం రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో దాన్ని పెట్టుకుంటే పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపేది. దాని కోడ్‌ను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చన్న షరతు మీద విడుదల చేశారాయన. ఆ షరతు ఊరికే పోలేదు. ఇంగ్లిష్ మీటలతో తెలుగు రాయించే 'లేఖిని' 2006లో వచ్చిందంటే, లోపల పనిచేసింది పద్మ కోడే. ఒకరు నాటిన చెట్టు కొమ్మను ఇంకొకరు అంటుకట్టుకున్నట్టు!

తర్వాత 2012, 13 ప్రాంతంలో సిలికానాంధ్ర సంస్థ పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, సూరన్న, తెనాలి రామకృష్ణ... కృష్ణదేవరాయల కొలువులో సగానికి పైగా కవులు ఫాంట్లయి కూర్చున్నారు! శుభలేఖకు వాడినా, సైన్‌బోర్డుకు వాడినా, పుస్తకానికి వాడినా పైసా కట్టక్కర్లేదు. పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. 2017లో వచ్చిన 1.5.3 నుంచి మన భాషల ఒత్తులు దాని దారికి వచ్చాయి. 2024 జనవరి 1న 1.6 స్థిరమైన వెర్షన్‌గా విడుదలైంది.

అంటే పాతికేళ్ల చిక్కుముడికి ఇప్పుడు విడుపు దొరికినట్టే. అయినా ఒంగోలు డీటీపీ సెంటర్లన్నీ రేపు పొద్దునకల్లా మారిపోతాయనుకుంటే పొరపాటు. ఆపరేటర్ వేళ్లు ఇరవయ్యేళ్లుగా ఒక కీబోర్డు వరసకు అలవాటుపడ్డాయి. ఆ వేగమే అతని కూలి. కొత్త వరస నేర్చుకునే మూణ్నెల్లు ఇల్లెలా గడవాలి? స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ మూణ్నెల్ల సంగతి సాధారణంగా ఎత్తరు.

ఉచితం వేరు... స్వేచ్ఛ వేరు

ఈ ఉద్యమం పుట్టింది ఒక ప్రింటర్ దగ్గర. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే కుర్ర ప్రోగ్రామర్ అంతకుముందున్న ప్రింటర్‌కు ఒక చిట్కా చేసి పెట్టాడు. కాగితం ఇరుక్కుంటే ఎదురుచూసేవాళ్ల తెర మీద కబురు కనబడేది. కొత్తదానికీ అదే చేద్దామంటే కోడ్ ఇవ్వలేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయం మనిషిని అడిగితే, ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. అక్కడ పట్టుకుంది పంతం! 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. దేనికైనా వాడుకునే హక్కు, లోపల ఏముందో చూసి మార్చుకునే హక్కు, పక్కవాళ్లకు ఇచ్చే హక్కు, మార్చినదాన్ని పంచే హక్కు... ఈ నాలుగూ ఉంటేనే అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నాడు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ తెచ్చాక ఆ ఇల్లు పూర్తయింది.

రెండో పక్షం వాదనా పాతదే. 1976లో ఇరవయ్యేళ్ల బిల్ గేట్స్ కంప్యూటర్ సరదారాయుళ్లకు ఒక బహిరంగ లేఖ రాశాడు. యంత్రం డబ్బిచ్చి కొంటారు, ప్రోగ్రాం మాత్రం కాపీ కొడతారు, ఇలా అయితే మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారన్నది దాని సారాంశం. అదీ కాదనలేని ప్రశ్నే.

ఇంగ్లిష్‌లో 'ఫ్రీ' అన్న ఒక్క మాటే రెండర్థాలకూ వాడటంతో వాళ్లు నలభయ్యేళ్లుగా వివరణలు ఇచ్చుకుంటూనే ఉన్నారు. మనకా బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని తెలుగు ఎప్పుడో తేల్చేసింది. హైదరాబాద్‌లో లినక్స్‌ను తెలుగు చేసిన బృందం తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను డబ్బుకు అమ్మవచ్చు, తప్పు లేదు. ఉచితంగా దొరికేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరూ కాదు. ఫోన్‌లో డబ్బు కట్టకుండా దించుకునే యాప్‌లలో అధికభాగానికి తాళాలే ఉంటాయి.

ఇంకా తేడా తెలియకపోతే పత్తి రైతును అడగాలి. నాటు విత్తనం దాచుకున్నవాడు మరుసటేడు వేసుకోవచ్చు, వియ్యంకుడికి నాలుగు దోసిళ్లు పెట్టొచ్చు. హైబ్రిడ్‌ది అలా కాదు, ఏడాదికోసారి ప్యాకెట్ కొనాల్సిందే. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ప్యాకెట్ ధరలో సగానికి పైగా రాయల్టీకే పోయింది. 450 గ్రాముల ప్యాకెట్ రూ.1,600 నుంచి రూ.1,850 దాకా పలికింది. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్త వ్యాపారాల కమిషన్ దాకా వెళ్లి పోరాడింది. చివరికి ధర రూ.750కి దిగింది. గింజ పండేది రైతు చేలోనే, కానీ గింజలో ఉన్న సంగతికి యజమాని వేరొకరు! సాఫ్ట్‌వేర్ లైసెన్సు అంటే అచ్చంగా ఇదే. అయితే అదే రైతు నాటు విత్తనం వదిలి హైబ్రిడ్ ఎందుకు కొన్నాడు? దిగుబడి కోసం. అక్కరకొచ్చేదాన్ని డబ్బిచ్చి కొనడం తెలివితక్కువేమీ కాదు.

గుమాస్తా వేళ్లు ఎటుంటే అటే

దిగుబడి లెక్కకు సరైన ఉదాహరణ టాలీ. చిట్టా, ఆవర్జా రాసే ఎర్ర గుడ్డ పుస్తకాల స్థానంలోకి వచ్చి కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఇది. పుట్టుక కూడా కొట్టులోనే. వ్యాపారి శ్యామ్‌సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే ప్రోగ్రాం దొరకలేదు. గణితం చదువుకున్న కొడుకు భరత్ గోయెంకా రాసిపెట్టాడు. అదే 1986లో పెట్టిన ప్యూట్రానిక్స్, తర్వాత టాలీ సొల్యూషన్స్. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

మౌస్ ముట్టుకోకుండా పద్దు వేయొచ్చు. బీకాం పూర్తికాగానే పిల్లలు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి నేర్చుకునేది అదే. గుమాస్తా మానేస్తే ఇంకో గుమాస్తా దొరుకుతాడు. ఆడిటర్ గారికి ఫైలు పంపితే నేరుగా తెరుచుకుంటుంది. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినా, 2017 జులై 1న జీఎస్టీ వచ్చినా కొత్త పన్ను లెక్కలు అందులో చేరిపోయాయి. కొట్టు యజమాని కొనేది సాఫ్ట్‌వేర్‌ను కాదు, ఈ చుట్టూ ఉన్న జనాన్ని.

దీనికి ఎదురుగా స్వేచ్ఛా పక్షం ఏం చూపగలదు? గ్నూక్యాష్ ఉంది. జమాఖర్చులు చక్కగా రాస్తుంది కానీ, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం కోసం పుట్టింది కాదు. ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది. కొనుగోళ్లు, సరుకు నిల్వ, జీతాలు, జీఎస్టీ బిల్లులు అన్నీ చూసుకుంటుంది. షేర్ల వ్యాపారంలో పేరున్న జెరోధా సంస్థ దాన్ని వాడుతోంది, 2020లో దాని తయారీదారు సంస్థలో పెట్టుబడి కూడా పెట్టింది. కాపీకి రూపాయి ఇవ్వక్కర్లేదు. కానీ సర్వర్ మీద పెట్టాలి, బ్యాకప్ చూసుకోవాలి, చెడితే బాగుచేసే మనిషి ఉండాలి. నలభై, యాభై మంది పనిచేసే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు ఇది లాభసాటి ఆలోచన. ఇద్దరు పనివాళ్లతో నడిచే ఎరువుల కొట్టుకు మాత్రం గుర్రం ఉచితం, గడ్డి ఖరీదు!

సర్కారు తీరు ఇంకా తమాషా. సర్కారీ పనుల్లో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమివ్వాలని 2015లో కేంద్రం విధానం ప్రకటించింది. అదే సర్కారు జీఎస్టీ వార్షిక రిటర్న్‌కు ఇచ్చే ఆఫ్‌లైన్ పట్టిక తెరవాలంటే మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ ఉండాలి. లిబ్రే ఆఫీస్‌లో బ్రహ్మాండంగా లెక్కలు చేసుకునే వ్యాపారి కూడా ఆ ఒక్క ఫారం కోసం ఎక్సెల్ ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. నేరుగా పోర్టల్‌లో నింపుకుంటే ఆ బాధ లేదనుకోండి. అన్నట్టు, ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు టర్నోవర్ ఉన్న చిన్న వ్యాపారులకు ఉచితంగా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అందిస్తామని 2019లో జీఎస్టీ నెట్‌వర్క్ ప్రకటించింది. అది ఉచితమే, స్వేచ్ఛ కాదు.

మూడోవాడు

తగవు ఇద్దరి మధ్యే అన్నట్టు చెప్పుకుంటాం కానీ, ఒంగోలులాంటి ఊళ్లలో చాలాకాలం గెలిచింది మూడోవాడు. కంప్యూటర్ అసెంబుల్ చేయించుకుంటే షాపు కుర్రాడు విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, అకౌంట్ల ప్యాకేజీ అన్నీ 'ఎక్కించి' ఇచ్చేవాడు. సీడీ మీద మార్కర్‌తో రాసిన అంకెలే లైసెన్సు! కంపెనీలు దీనిమీద మండిపడుతుంటాయి కానీ, ఎక్కువ నష్టపోయింది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. వేలు ఖరీదు చేసే సరుకు ఊరికే దొరుకుతుంటే నిజంగా ఊరికే ఇచ్చేదాన్ని నేర్చుకునేది ఎవరు? కేంద్ర ఐటీ శాఖ, సీడాక్ కలిసి 2005 నుంచి భారతీయ భాషల ఫాంట్లు, ఆఫీసు ప్యాకేజీలతో సీడీలు ఉచితంగా పంచాయి. తెలుగుకూ ఒక సీడీ వచ్చింది. ఎన్ని కొట్లలో దాన్ని చూశామో గుర్తు చేసుకుంటే సంగతి తెలుస్తుంది.

చట్టం మాత్రం నిద్రపోలేదు. కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడలేదని తేలితే జైలు లేకుండా వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది. ఇంట్లో పిల్లాడికి దక్కే ఆ వెసులుబాటు కొట్టులో బిల్లులు కొట్టేవాడికి దక్కదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

పోలీసులకన్నా ముందు వచ్చేది వైరస్. 2017 మేలో వానాక్రై అనే పీడ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లే కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే మందు విడుదల చేసింది. వేసుకోనివాళ్లే చిక్కారు. దొంగ కాపీ పెట్టుకున్నవాళ్లు పట్టుబడతామన్న భయంతో అప్‌డేట్లను ఆపేసుకుంటారు కదా... వాళ్ల మాట చెప్పేదేముంది.

అడగాల్సిన ప్రశ్న

మరి కొట్టు యజమాని ఏం చేయాలి? స్టాల్‌మన్ పక్షమా, గేట్స్ పక్షమా అని తేల్చుకోవాల్సిన పని లేదు. ఉత్తరాలు, కొటేషన్లు, జీతాల పట్టికలకు లిబ్రే ఆఫీస్ సరిపోతుంది. చాలా చిన్న ఆఫీసుల్లో ఎక్సెల్ వాడేది కూడికలకు, తీసివేతలకే! తెలుగు ఫాంట్లు స్వేచ్ఛగా దొరుకుతున్నప్పుడు కొనడం దండగ. అకౌంట్ల దగ్గర టాలీయో, మరొకటో గుమాస్తాకు వచ్చింది కొనుక్కోవడమే మేలు. కొనడమంటే రసీదుతో కొనడం.

అయితే ఏది కొన్నా అమ్మేవాణ్ని ఒక్క ప్రశ్న అడిగి తీరాలి. 'రేపు నేను మిమ్మల్ని వదిలేస్తే నా పద్దులు నాకు ఏ రూపంలో ఇస్తారు?' పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు అడుగుతాం, పద్దులప్పగించేటప్పుడు ఇదొక్కటీ అడగం. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. నెల అద్దెకు తీసుకున్న సాఫ్ట్‌వేర్‌కు మూడో ఏడాది అద్దె ఆపేశారనుకుందాం. నాలుగో ఏడాది నోటీసు వచ్చిందనుకుందాం. బిల్లులు ఎక్కడో ఉన్న సర్వర్‌లో ఉంటాయి, తలుపు తెరుచుకోదు. అధికారి ఎదుట నిలబడాల్సింది వ్యాపారే తప్ప సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదు. టాలీలాంటివాటిలో పద్దులను ఎక్సెల్‌గానో, పీడీఎఫ్‌గానో బయటికి తీసుకునే వీలుంది. ఏటా మార్చి 31 దాటగానే ఆ పని చేసి రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకుని, ఒకటి ఇంట్లో బీరువాలో పడేస్తే సరి.

డీటీపీ సెంటర్లకూ ఇంతే. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. నూటికి నూరుపాళ్లు సరిగ్గా రావు, ఒత్తులు, పొల్లులు ఒకసారి సరిచూసుకోవాలి. ఆషాఢంలో పని లేని రోజుల్లో రోజుకు పది ఫైళ్లు మార్చినా మూలనున్న ఆ పాత కంప్యూటర్ ఆయువు తీరేలోగా ముఖ్యమైనవి బయటపడతాయి. పుస్తకం అచ్చేయించుకునే రచయితలు పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా యూనికోడ్ ప్రతి కూడా ఇమ్మని ముందే మాట్లాడుకోవాలి. రెండో ముద్రణ నాటికి ఆ ప్రెస్ ఉంటుందో, ఉండదో!

ఇప్పుడు చాలా కొట్లలో కొత్త తలనొప్పి ఒకటి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. యంత్రం బాగానే ఉంటుంది, బిల్లులూ వస్తుంటాయి, కానీ తలుపుకు గడియ లేనట్టే. కొత్తది కొనాలంటే నలభై వేల మాట. అకౌంట్లు నడిచే ఒక్క కంప్యూటర్‌ను మార్చి, బిల్లులు, ఉత్తరాలు, మెయిలు చూసుకునే మిగతావాటిలో లినక్స్ మింట్‌లాంటిది వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది. భయపడాల్సిందేమీ లేదు. అందరి చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేదీ లినక్సే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ పాఠాలు నేర్చేదీ దాని మీదే.

ముందే ఉన్నదంతా చెరిపేసి ఎక్కించనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టి, కంప్యూటర్‌లో ఏమీ మార్చకుండా ఒక ఆదివారం నడిపి చూడొచ్చు. బ్రౌజర్, మెయిలు ఎలాగూ పనిచేస్తాయి. చూసుకోవాల్సింది కౌంటర్ మీద గరగరలాడే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను, బార్‌కోడ్ మిషన్‌ను, గ్రానైట్ లారీలు తూచే వేబ్రిడ్జి తీగను. అవి పలికితే సోమవారం నుంచి వాడుకోవచ్చు. పలకకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ పాతచోటే ఉంటుంది.